చప్పుడు విని వచ్చేవాళ్ళు

ఆయన నా ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. చేతిలో ఫోను. అది చూపించేవన్నీ లాడ్జీలు, ఏసీ భోజనశాలలు. ఆయనకు కావలసింది మాత్రం తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ఒక బావి పక్కన ఉండిన ఇడ్లీ అంగడి. చిన్నప్పుడు వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని వచ్చి తిన్నాడట. చివరికి పూలమ్మే ఆమెను అడిగాడు.

"బావి యాడుంది నాయనా! పూడ్చి ఎన్నేండ్లాయెనో. ఆ అవ్వ అంగడేనా నీక్కావాల్సింది? దానికి బోర్డు లేదు. క్యారియర్లు పట్టుకోని ఎవురు పోతాంటే వాళ్ళెనకాల పో."

ఆమె చెప్పిన గుర్తు సరైనదే. మునుపైతే అది కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి సందు మొదట్లో నిలబడి చెవి పెడితే చాలు, నా చప్పుడే దారి చూపేది. నేను ఆ అంగడి రుబ్బురోలును.

నన్ను తిరుమల కొండరాయి అనుకునేవాళ్ళున్నారు. కాదు. శేషాచలం నెత్తిన నిటారుగా కనిపించే ఎర్రటి అంచులు క్వార్ట్‌జైట్. ఇసుక పొరలు పొరలుగా కూర్చుని గట్టిపడిన రాయి అది. దాని కింద ఉన్న గ్రానైటు దానికంటే కోట్ల ఏళ్ళు పాతది. ఘాట్ రోడ్డులో ఒకచోట ఆ రెండు రాళ్ళూ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. నేను ఆ కింది రాయి జాతి. రోలుకు పొరలు లేని రాయి కావాలి. చంద్రగిరి వైపు నుంచి వడ్డెరాయన నన్ను ఉలితో తొలిచి, గుండ్రంగా గుంట తీసి, దానికి సరిపోయే పొత్రాన్ని చెక్కి, ఎద్దులబండి మీద తెచ్చి దించాడు. 1944లో కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. నేను వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు. అప్పటికింకా నడిచి ఎక్కేవాళ్ళే ఎక్కువ. రైలు దిగి, రాత్రి సత్రంలో పడుకుని, పొద్దు పొడవకముందే నాలుగు ఇడ్లీలు తిని అలిపిరి వైపు కదిలేవాళ్ళు. ఆ నాలుగు ఇడ్లీలకోసమే నన్ను తెచ్చారు.

నా పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే రుచి అంతా అక్కడే ఉంది. కోస్తా జిల్లాల్లో ఇడ్లీకి రవ్వ కలుపుతారు. ఇక్కడ అరవదేశం పక్కనే కాబట్టి ఉప్పుడు బియ్యం నానబెట్టి రుబ్బుతారు. నాలుగు పడుల బియ్యానికి ఒక పడి ఉద్దిపప్పు. ముందు ఉద్దిపప్పు పడుతుంది నా గుంటలో. పొత్రం తిప్పుతూ దోసిట్లో నీళ్ళు చల్లాలి. ఒక్కసారిగా పోస్తే పప్పు జారి పొత్రానికి చిక్కదు, తక్కువ చల్లితే ఉండ కట్టి చెయ్యి పట్టేస్తుంది. ముప్పావుగంట తిప్పాక పిండి ఉబ్బుతుంది. వేలితో తీసి నీళ్ళలో వేస్తే తేలాలి. తేలేదాకా ఆపకూడదు. చేత్తో తిప్పే పొత్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు. ఆ నిదానంలో గాలి చిక్కుకుంటుంది. బియ్యాన్ని మాత్రం మెత్తగా కానివ్వరు, వేళ్ళకు సన్నరవ్వలా తగలాలి. తర్వాత రెండూ చేత్తో కలిపి, ఉప్పు వేసి, రాత్రంతా మూతపెడతారు. ఎండాకాలం పిండి తొందరగా పులుస్తుందని పొద్దుపోయాక రుబ్బేవాళ్ళు. చలికాలం పిండిగుండిగను పొయ్యి దగ్గరికి జరిపేవాళ్ళు.

రెండు మూడు నెలలకొకసారి నా గుంట నున్నబడిపోయేది. అప్పుడు గంట్లు కొట్టే మనిషి వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు ఉలి దెబ్బలకు నా కడుపు మళ్ళీ గరుకయ్యేది. మొదటి వాయి రాతిపొడి కలిసి ఉంటుందని, గుప్పెడు బియ్యం రుబ్బి పారబోసేవాళ్ళు. ఆ మనిషి కేక ఈ వీధుల్లో వినబడి చాలా ఏళ్ళయింది.

నన్ను తిప్పిన చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్ళవే. కూలికి వచ్చే ఒకామె, ఇంటి పెద్దకోడలు, తర్వాత ఆ కోడలికి కోడలు. భుజాలు పడిపోయేంత పని అది. ఆ కాలాన్ని ముచ్చటగా తలుచుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఇంకొకటి కూడా మరిచిపోతారు. చుట్టుపక్కల పల్లెల టీ అంగళ్ళలో దళితులకు వేరే గ్లాసు ఉండేది. పట్నాల్లో కులం పేరు బోర్డుమీదే రాసుకున్న కాఫీ హోటళ్ళు ఉండేవి. నన్ను చెక్కిన వడ్డెరాయన నన్ను దించి, చెమట తుడుచుకుని, వాకిట్లో నిలబడే ఇడ్లీ తిన్నాడు. లోపల బెంచీ ఖాళీగానే ఉంది. అది నేను చూశాను. పాత అంగడిని వెదికేవాళ్ళు రుచిని వెదుక్కోవాలి గానీ, ఆ వాకిలిని మళ్ళీ కట్టకూడదు.

1954లో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టాక చదువుకునే పిల్లలు రావడం మొదలైంది. బెంచీ మీద ఎవరు పక్కన కూర్చున్నారో చూడనిది మొదట వాళ్ళే. మధ్యాహ్నం వాళ్ళకోసం సంగటి కూడా పెట్టారు. రాగిసంగటి, పుల్లగూర, ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు కలిపి బరకగా నూరింది. పైన ఎర్రగడ్డ వేసి ఒక్క చుట్టు తిప్పాలి, అంతే. రెండు చుట్లు తిప్పితే ఎర్రగడ్డ నీరు విడుస్తుంది. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు చేసేవాళ్ళు. ఆ నెల రోజులూ బెంచీ ఖాళీ ఉండేది కాదు.

గ్రైండరు మా అంగడికి 1980 తర్వాత వచ్చింది. కోయంబత్తూరు నుంచి. దానిమీద నాకు కోపం లేదు. దాని కడుపులో తిరిగేదీ గ్రానైటు రాయే, ఊత్తుకుళి దగ్గర తీసిన రాయి. కోడలి భుజానికి ఆ రోజే మొదటిసారి విశ్రాంతి దొరికింది. పిండి దానికి పోయింది, ఊరిబిండి నాకు మిగిలింది.

ఆ కాలంలోనే సంగటి తగ్గుతూ వచ్చింది. మెట్టచేలల్లో చెనిక్కాయ పంట అంతకుముందే రాగిని పక్కకు నెట్టింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. పండగనాడు మాత్రమే వరన్నం వండుకునే ఇళ్ళలో రోజూ ఎసరు పెట్టారు. ఆకలి తీరిన మనిషిని సంగటి మానేశావేమని అడిగే హక్కు నాకు లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు సంగటి పెద్ద హోటళ్ళలో నాటుకోడి పులుసు పక్కన మళ్ళీ కనబడుతోంది. సంతోషమే. కానీ చాలాచోట్ల దాంట్లో బియ్యం ఎక్కువ, రాగిపిండి తక్కువ. ముద్ద చేతికి అంటుకోకుండా జారాలి, తెడ్డుతో గెలికిన చెయ్యి అలిసి ఉండాలి. అది లేని సంగటి రంగుకు మాత్రమే సంగటి.

అంగళ్ళు ఎందుకు పోయాయో నేను కళ్ళారా చూశాను. ఇడ్లీ అంగడి ఇచ్చే బాడుగ ఎక్కడ, యాత్రికుడి గది ఒక్క రాత్రికి తెచ్చే డబ్బు ఎక్కడ! మా సందులో ఒక కాఫీ అంగడి, రెండు పూటకూళ్ళిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లాడ్జీలైపోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ముందు పంచ, బెంచీ పోయాయి. నన్ను పెరటి తలుపు దగ్గరికి దొర్లించారు. పొత్రం నాతోనే వచ్చింది. అది నా అదృష్టం. జత విడిపోయిన రోళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో, వాననీళ్ళు నిండి కాకులు తాగుతుంటాయి. ఇవాళ మిగిలిన అంగళ్ళు చాలావరకు సొంత గోడలున్నవాళ్ళవే. బోర్డు ఉండదు, తొమ్మిదిన్నరకు పిండి అయిపోతుంది, కొనేవాళ్ళు గిన్నె ఇంటినుంచి తెచ్చుకుంటారు.

ఆయన క్యారియర్ల వెనకాల నడిచి మా తలుపు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటింది.

"అవ్వా, ఇడ్లీలు ఉండాయా?"

"ఐదుండాయి. కూర్చో నాయనా."

తింటూ తన కొడుకు న్యూజెర్సీలో ఉంటున్నాడని చెప్పాడు. కొడుకు దగ్గరికి పోయినప్పుడు న్యూయార్క్‌లో లిటిల్ ఇటలీ అనే పేట చూశాడట. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు చీజు, ఉప్పుపట్టించి ఆరబెట్టిన మాంసం, ఆలివ్ నూనె అమ్ముకుంటూ పెంచిన పేట. ఆ అంగళ్ళను అక్కడ డెలీలంటారు. వాటిలో అలేవా డైరీ అని 1892లో పెట్టినది ఒకటి, అమెరికాలో అన్నిటికన్నా పాత ఇటాలియన్ చీజు అంగడి అని దానికి పేరు. బాడుగ భారమై ఆ పేటలో 2023లో మూతపడిందట.

అవ్వ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఆడా బాడుగేనా?"

"ఆడా బాడుగే అవ్వా. పిల్లోళ్ళు సదువుకోని ఏరే ఊర్లకు పూడ్సిరి."

"మా పిల్లోళ్ళ మాదిరే." కాసేపాగి అంది, "ఆళ్ళ చీజు ఇంకొకరు చేస్తారా, ఆ మాదిరిగా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆకులో మిగిలిన ఊరిబిండిని వేలితో తీసుకున్నాడు. ఇంకొంచెం ఉందా అని అడిగాడు. లేదు. అవ్వ గింజల డబ్బా తెచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను తిప్పేదా అవ్వా?"

"తిప్పు. నీళ్ళు నేను చల్తా."

ఆయన చేతులు మెత్తనివి. పొత్రాన్ని గట్టిగా పట్టుకుని పైకి లేపుతున్నాడు, గింజలు గుంటలోంచి ఎగిరి బయట పడుతున్నాయి. అవ్వ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "ఎత్తొద్దు. బరువు దాన్దే. నువ్వు ఊరికే తిప్పు, అదే నూరుకుంటాది."

నాలుగో చుట్టుకు చెయ్యి కుదిరింది. గింజ చితికి నూనె వాసన లేచింది. నా చప్పుడు సందులోకి పోయింది.

తలుపవతల క్యారియర్ పట్టుకుని ఒక పిల్లోడు వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, అయిపోయినాయా?"

"ఇడ్లీలు అయిపోయినాయి. దోసెలు పోస్తాలే, ఊరిబిండి అవతా ఉండాది. ఉండు."