చీటీ పరిశ్రమ

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరుకు చూపించుకునే ముందే ఓ పరీక్ష ఉంటుంది. బోధన్ నుంచి వచ్చిన పెద్దాయన సర్కారు రోడ్డు పక్కన బండికి స్టాండ్ వేశాడో లేదో, చేతిలో చీటీ పడింది.

"ఇరవై ఇయ్యి, కాకా."

"రోడ్డు ఎవలది బిడ్డా?"

"నాకేమెరుక? ఈడ నిలబడుమన్నరు, నిలబడ్డ."

చీటీ మీద కార్పొరేషన్ ముద్ర లేదు, వసూలు చేసేవాడి పేరూ లేదు. బండ్లు ఎక్కడ ఆపాలో తేల్చాల్సింది, మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారం ఇచ్చినవాళ్లు. మాల్ వాళ్ల సొంత జాగాలో సైతం మొదటి అరగంట ఉచితమని 2018లోనే జీవో 63 వచ్చింది. మాల్‌లో అరగంట మాఫీ, అందరి రోడ్డు మీద అరనిమిషం కూడా లేదు!

పెద్దాయనకు చీటీలు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచిన రోజుల్లో చెరుకు తోలితే కాంటా చీటీ చేతికొచ్చేది. దానికి పైసలు ఎదురొచ్చేవి, ఆలస్యంగానైనా. 2015లో ఫ్యాక్టరీకి తాళం పడింది. ఈ కొత్త చీటీ పరిశ్రమకు చెరుకు అక్కర్లేదు, మిషన్లు అక్కర్లేదు. ఓ పుస్తకం, ఓ ఈల చాలు. క్రషింగ్ సీజనేమో పన్నెండు నెలలు.

అద్దాలు పెట్టుకుని అడుగున చిన్నక్షరాలు చదివాడు: 'బండి పోతే మా బాధ్యత లేదు. చీటీ పోతే యాభై.'