పద్దుల సంఘం వారికి పాలెం నుంచి ఒక అర్జీ

ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రజా పద్దుల సంఘం అధ్యక్షులవారికి, వెలగపూడి.

అయ్యా,

నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డునుంచి ఒక పాలెం మనిషి రాసుకునే అర్జీ. సర్కారు ఖర్చుల మీద అధికారుల్ని నిలదీసేది మీరేనని విన్నాం. ఏమడిగారో, వాళ్లేం చెప్పారో మాత్రం మా దాకా రాదు. మీ సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి కదా!

మీ వంశం గొప్పది. లండన్‌లో గ్లాడ్‌స్టన్ 1861లో పెట్టించిన కమిటీకి మీరు వారసులు. మన దేశానికి 1921లో వచ్చారు. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టిన పేరా మీ ముందుకొస్తుంది. శాఖ వివరణ పంపుతుంది. మీరు అధికారుల్ని పిలిచి అడుగుతారు, సిఫార్సు చేస్తారు. ఆ తర్వాత ఎప్పటికో ‘తీసుకున్న చర్యల నివేదిక’ వస్తుంది. ఈలోగా సంతకం పెట్టిన ఇంజినీరు రిటైరై మనవళ్లను ఆడిస్తుంటాడు.

మా జిల్లాలో ఇంతకంటే దగ్గర దారి ఒకటి కనిపెట్టారు. 2022 జులైలో నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి ఉమ్మారెడ్డిగుంటలో మురుగు కాల్వలోకి దిగి కూర్చున్నారు. వంతెన పని ఎందుకు కాలేదని రైల్వే, కార్పొరేషన్ అధికారుల్ని అడిగారు. అప్పుడాయన అధికార పక్షమే, గమనించాలి. రాతపూర్వక హామీ వచ్చాకే పైకొచ్చారు. ఎమ్మెల్యే మోకాళ్ల లోతు మురుగులో దిగితే తప్ప అధికారి కలం కదల్లేదంటే, ఏసీ గదిలో కూర్చుని అడిగే మీ ప్రశ్నల గతి ఏమిటని మాకు బెంగ.

ఇంకో బెంగ కుర్చీల గురించి. 2021 జులైలో మీ కుర్చీలో పయ్యావుల కేశవ్ గారుండేవారు. దాదాపు 41 వేల కోట్ల ఖర్చుకు సరైన లెక్కల్లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అప్పటి ప్రభుత్వం అదేం లేదంది. 2024లో ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. అడిగినాయనే ఇప్పుడు చెప్పాల్సినాయన! ఇంతకంటే అనుకూలం ఏముంటుంది, ఒకసారి పిలిచి కాఫీ ఇచ్చి అడగండి.

పార్లమెంటులో 1967 నుంచి ఆ కుర్చీని ప్రతిపక్షానికే ఇస్తున్నారు. ఇక్కడ 2024 నవంబరులో ప్రతిపక్షానికి 11 మందే ఎమ్మెల్యేలు. వాళ్లు మీ సంఘం ఎన్నిక ఓటింగును బహిష్కరించారు, కుర్చీ అధికార కూటమికే వచ్చింది. నంబర్లు అవే చెప్పాయి, కాదనం. కాకపోతే సొంత సర్కారును అడిగేవాడికి గొంతు రెండింతలుండాలి.

మా లెక్క చూడండి. వేట నిషేధ భృతి ఇరవై వేలు. దానికి ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు, పడవ కాగితాలు. ఒడ్డుకొచ్చి మనిషినీ పడవనూ చూసుకుని మరీ పేరు రాసుకుంటారు. తప్పు కాదు, అలాగే చూడాలి. ఆ కళ్లద్దాలే కోట్ల బిల్లుల దగ్గర కూడా పెట్టుకోమంటున్నాం.

మా పాలెంలో తిరనాళ్లయిన మర్నాడు గుడి ముందర చాప పరిచి ఖర్చు చదువుతారు. చేపల గంప దించకుండానే ఒకావిడ అడుగుతుంది: “షామియానాకి పన్నెండు వేలేంది కాపూ? పోయినేడు తొమ్మిదే గదా?” ఊరి పెద్దాయన గొంతు సవరించుకుంటాడు, జేబులోంచి బిల్లు తీస్తాడు. ‘పరిశీలనలో ఉంది’ అంటే ఆ చాప మీద చెల్లదు.

ఇక అసలు మనవి. బోగోలు మండలం జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టు 30న ప్రధాని మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి ప్రారంభించారు. ఖర్చు సుమారు 289 కోట్లు. శంకుస్థాపనా వీడియో తెర మీదే, ప్రారంభమూ తెర మీదే. లెక్కయినా నేల మీద అడగండి. పెట్టిన రూపాయికి ఏమేం కట్టారు? పడవలు సముద్రంలోకి వెళ్లే మొగలో పూడిక తీయడానికి ఏటా ఎంత కావాలి, అది ఏ పద్దులోంచి వస్తుంది? తోడిన ఇసుకను ఎవరు కొలుస్తారు? ఇవి కాగ్ పేరాగా మారేదాకా ఆగక్కర్లేదు, పని జరుగుతుండగానే అడగవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మాకు వేట ఉండదు. పడవలు ఒడ్డునే, మనుషులు ఇళ్లలోనే. ఆ రోజుల్లో మీ సిట్టింగు ఒకటి జువ్వలదిన్నెలో పెట్టండి. బిట్రగుంట స్టేషన్‌లో దిగితే దగ్గరే. తలుపులు లేని షెడ్డు కింద కుర్చీలు మేమే వేస్తాం. ఫైళ్లతో పాటు వాటి మీద సంతకాలు చేసినవాళ్లను కూడా వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
నెల్లూరు తీరాన పన్ను కడుతున్న ఒకడు