రెండు శరత్తుల బావగారు

ప్రతి ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. మా ఇంట్లో ఆ లోటు మా అక్క మొగుడు తీర్చారు. ఏడాది పొడుగునా పేపరు చదివి, షుగరు మాత్ర వేసుకుని, టీవీ చర్చలకి తలూపే మనిషి, వానలు వెనకబట్టి తంగేడూ గునుగూ బజారుకి రాగానే మారిపోతారు. మోకాళ్ల నొప్పి మాయమవుతుంది. మిద్దె మెట్లు ఎక్కుతూనే ఉంటారు, దిగుతూనే ఉంటారు. గ్యాస్ సిలిండరు కాస్త జరపమంటే మాత్రం నొప్పి తిరిగొస్తుంది.

ఆశ్వయుజం, కార్తీకం కలిపితే శరదృతువని చిన్నప్పుడు మనమంతా వల్లెవేసి మర్చిపోయాం. ఆయన మర్చిపోలేదు. హైదరాబాదు మిద్దెతోటకి సంవత్సరాది దసరాయే తప్ప ఉగాది కాదని ఆయన సిద్ధాంతం. రాత్రులు చల్లబడతాయి, ఎండ మెత్తబడుతుంది. కాబేజీ, కాలీఫ్లవర్, టమాటా నారు పోయడానికీ, పాలకూర, మెంతి, ముల్లంగి, క్యారెట్ చల్లడానికీ ఇంతకన్నా మంచి అదను లేదు. అంతా నిజమే, అదే బాధ. తప్పు చెప్పేవాడికి ఎదురు చెప్పొచ్చు. ఒప్పు చెబుతూ ప్రాణం తీసేవాణ్ణి ఏం చేయగలం?

దసరాకి ఊరంతా బట్టలు కొంటే ఆయన కోకోపీట్ కొంటారు. ఐదేసి కిలోల దిమ్మలు. వాటిని నానబెట్టడానికి ఆయనకి దొరికే చోటు స్నానాల గది, దొరికే వేళ పండగ పొద్దున. ఇంటిల్లిపాదీ నూనె రాసుకుని బయట నిలబడితే, లోపల కొబ్బరిపొట్టు ఉబ్బుతూ తీరిగ్గా తలంటుకుంటూ ఉంటుంది. ఇంట్లో పెరుగు డబ్బాలన్నిటికీ అడుగున చిల్లులే, నారు కోసం. సంగతి తెలియక మా అక్క ఓసారి ఒకదాంట్లో పాలు తోడుపెట్టింది.

ధనియాలు చల్లేముందు చెప్పుకింద వేసి నలుపుతారు. "ఒక్కో కాయలో రెండు గింజలుంటాయోయ్. అన్నదమ్ముల్లాగా వేరుపడితేనే రెండూ బాగుపడతాయి" అంటారు, వాళ్ల అన్నగారి ఎదుటే. గులాబీ కొమ్మలు కత్తిరించేదీ ఈ రోజుల్లోనే. ఎండుపుల్లలూ బక్కకొమ్మలూ తీసేసి, కోసిన చోట పసుపు ముద్ద పెడతారు. వంటింట్లో పసుపు డబ్బా ఖాళీ. పక్కింటివాళ్లు తిరుపతి వెళ్లొచ్చేసరికి, గోడ మీంచి ఇటు వంగిన వాళ్ల గులాబీకీ గుండు. "మీతోపాటు దానికీ మొక్కు తీరింది" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా.

చామంతి కథ వేరే చెప్పాలి. పొద్దు కురచబడి రాత్రులు పెరిగితేనే చామంతి మొగ్గ కడుతుంది. చీకట్లో వెలుగు పడితే రాత్రి ఇంకా చిన్నదేననుకుని ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. బావగారి కుండీలు మిద్దె అంచున, సరిగ్గా వీధి దీపానికి ఎదురుగా ఉన్నాయి. కుండీలు జరపొచ్చు. ఎవరైనా అదే చేస్తారు. ఆయన మటుకు దీపం ఆర్పించమని అర్జీ పెట్టారు. అర్జీ తీసుకున్నవాళ్లు రెండుసార్లు చదివి, ఆయన ముఖంలోకి చూసి, మర్యాదగా తిప్పి పంపారు. ఆ సాయంత్రం నుంచి అక్క పాత కంచిపట్టు చీర రోజూ పొద్దుగూకకముందే చామంతులమీద కప్పుతూ, పొద్దున్నే తీస్తూ వచ్చారు. మొగ్గలు వచ్చాయి. అక్క నెలపాటు మాట్లాడలేదు. తర్వాత ఆ పూలే జడలో పెట్టుకుంది, చీర సంగతి మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎత్తుతుంది.

ఇంతవరకూ మిద్దెమీదే అయితే ఎవరికీ నష్టం లేదు. నారు పోయడం కాగానే ఆయన ఫోను అందుకుంటారు. తన మిద్దెమీద ఏ రుతువో భూమండలమంతా అదే రుతువని ఆయన నమ్మకం. నెల్లూరులో మా పిన్నికి ఫోన్ చేసి పాలకూర చల్లమంటారు. నెల్లూరుకి అసలు వానాకాలమే అప్పుడు. ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. "చల్లాను అల్లుడుగారూ, మీ విత్తనాలు ఈపాటికి సముద్రంలో మొలిచుంటాయి" అంది పిన్ని.

కూతురు షికాగోలో ఉంటుంది. అక్టోబరులో అక్కడ మంచు కాటు మొదలవుతుంది, కరివేపాకు కుండీని ఇంట్లో కిటికీ దగ్గరికి చేర్చాలి. "ఇప్పుడు వెల్లుల్లి పాతుతున్నా నాన్నా" అందా అమ్మాయి. మంచు రాబోతుంటే పాతడమేమిటని ఆయన నివ్వెరపోయారు. రెబ్బలు నాటి పైన గడ్డి కప్పితే చలికాలమంతా మంచు కిందుండి వేసవిలో గడ్డలవుతాయనీ, ఆ చలి తగలకపోతే రెబ్బలుగా విడవవనీ తెలిశాక ఊరుకోలేదు. మా అక్క ఫ్రిజ్జులో ఒక పొట్లం, దాని మీద చీటీ: "చలికాలం నడుచుచున్నది. వాడరాదు."

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే ముందు కరివేపాకు ఎలా ఉందని అడుగుతారు. బాగుందనగానే సంతోషం పట్టలేక పెట్టేస్తారు. కాసేపటికి మళ్లీ చేసి, "అన్నట్టు, నువ్వెలా ఉన్నావు తల్లీ?" అంటారు.

మెల్‌బోర్న్‌లో మా తమ్ముడి కొడుకుతో మాత్రం వ్యవహారం ముదిరింది.

"కాలీఫ్లవర్ నారు పోశావురా?"

"మాకిప్పుడు వసంతం మామయ్యా."

"దసరా ఎప్పుడు చేసుకున్నారు?"

"మీతోపాటే."

"మరి వసంతం ఎట్లా అవుతుందిరా?"

వాడు ఓపిగ్గా అక్కడి వాడుక చెప్పాడు. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం. ఆ రోజుకి టమాటా నారు నాటడం అక్కడి తోటమాలుల ఆనవాయితీ. "పంచాంగం మానేసి గుర్రాల్ని చూసి నాటుతారా!" అని బావగారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాతే అసలు ముప్పు వచ్చిపడింది. మెల్‌బోర్న్‌లో శరత్తు మార్చిలో మొదలై మేదాకా ఉంటుందని ఆయనకి అర్థమైంది. అంటే ఏప్రిల్‌లో, మిద్దెమీద గ్రీన్ నెట్ కింద మొక్కలు సోలిపోతున్న వేళ, చేసేందుకు పనిలేక మనిషి చల్లబడాల్సిన సమయంలో, ప్రపంచంలో ఇంకోచోట నారు పోసే అదను నడుస్తోంది! ఇక ఆగుతారా? తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, వాడు వెల్లుల్లి నాటాడో లేదో, బ్రాకలీ పురుగు పట్టిందో లేదో వీడియో కాల్‌లో తనిఖీ. ఏడాదికి ఒక్క శరత్తుతోనే వేగలేకపోతున్న మా అక్కకి ఇప్పుడు రెండయ్యాయి.

దసరాకి చల్లిన ముల్లంగి నలభై, నలభై అయిదు రోజుల్లో చేతికొస్తుంది. ఆయన అన్నీ ఒకే పూట చల్లుతారు కాబట్టి అన్నీ ఒకే పూట వస్తాయి. కార్తీకమాసం చివర్లో మావైపు వచ్చేవారు దయచేసి సంచి తెచ్చుకోండి. ముల్లంగి తిననివారు రెండు సంచులు తెచ్చుకోండి, ఆయన వాళ్లకే ఎక్కువ ఇస్తారు.