జిల్లేడు చెట్టుకు అభ్యంతరం లేదు

మా మిత్రుడికి రెండు విషయాల్లో సందేహమే లేదు. పెళ్లి అనేది సృష్ట్యాది నుంచీ ఒకే రీతిలో నడుస్తోంది. దాన్ని పాడుచెయ్యడానికి పడమటి దేశాలు కంకణం కట్టుకున్నాయి. మనిషి మాత్రం బంగారం. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు, మండలం రోజులు నేల మీద పడుకుంటాడు, ఎవరింట్లో ఆపదొచ్చినా అందరికంటే ముందు వెళ్తాడు. ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకుంటామన్నారని వింటేనే స్వామివారి శాంతం పంబ దాటి పారిపోతుంది.

2023 అక్టోబరు 17న స్వలింగ జంటల పెళ్లిళ్లపై సుప్రీంకోర్టు తీర్పు రాగానే స్వీటు డబ్బాతో దిగాడు. "చూశావట్రా! ఐదుగురు జడ్జీలూ ఒక్కటే మాట!"

నిజమే. ఐదుగురూ ఏకగ్రీవంగా చెప్పింది, పెళ్లి చేసుకోవడం రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదని. "అది నీ పెళ్లికీ వర్తిస్తుందిరా" అన్నాను. నోట్లో పెట్టుకోబోయిన కాజా చేతిలోనే ఆగింది. ఆ జంటల బంధానికి కనీసం చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్న దగ్గర ఆ ఐదుగురూ మూడూ రెండుగా చీలిపోయారని కూడా చెప్పాను. అది ఆయన వాట్సాప్ గ్రూపులో రాలేదట.

ఇంతకీ ఆ కేసులో మొదటి పిటిషనర్లు మన హైదరాబాద్‌లోనే ఉంటున్న జంట. వాళ్లు అడిగింది గుడి కాదు, పురోహితుణ్ణి కాదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ఇంత చోటు. ఆ పెళ్లిలో అగ్నిహోత్రం లేదు, అరుంధతి లేదు, జీలకర్రా బెల్లం లేదు. ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, రిజిస్ట్రారు ముందు సంతకం. మతాల వివాహ చట్టాల జోలికి వెళ్లబోమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ విచారణ మొదట్లోనే చెప్పేశారు. స్థలాల దస్తావేజులూ తనఖా కాగితాలూ కుప్పలు పోసిన ఆ ఆఫీసులో ధర్మం ఏ మూల నిలబడి మైలపడుతోందో చూపించమంటే, మావాడు మాట మార్చాడు.

"తాతల నాటి నుంచీ ఒక మగాడికి ఒక ఆడది. అదీ మన సంప్రదాయం."

అక్కడే దొరికాడు. వాళ్లది గుంటూరు జిల్లా, అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోది. హాల్లో వేలాడే ఫొటోలో తాతగారు మధ్యలో కుర్చీలో ఉంటారు. చెరో పక్కనా చెరో నాయనమ్మ. తాతగారు ఏ తప్పూ చెయ్యలేదు. రెండో పెళ్లి కుదరదని మద్రాసు రాష్ట్రం హిందువులకు చట్టం చేసిందే 1949లో. దేశమంతటికీ ఆ నియమం వచ్చింది 1955 హిందూ వివాహ చట్టంతో. అనాది సంప్రదాయానికి ఇంకా వందేళ్లు నిండలేదు.

ఇక మావాడి కాపురం సంగతి. చెల్లెమ్మ ఆయనకు స్వయానా అక్క కూతురు. మనవైపు ఇందులో వింతేముంది, మేనమామ ఉండగా బయటి సంబంధం చూస్తే బంధువులు మొహం మాడ్చుకునేవాళ్లు. కానీ అదే 1955 చట్టం నిషేధించిన వరసల్లో మేనమామా మేనకోడలూ ఉన్నారు. ఆచారం ఉన్నచోట చెల్లుతుందని ఒక మినహాయింపు రాసి పెట్టారు కాబట్టి మావాడి మూడుముళ్లు నిలబడ్డాయి. ఉత్తరాదిలో ఎవరికైనా ఈ వరస చెప్పి చూడండి, చెవులు మూసుకుంటారు. అసహజం అంటారు. ఇద్దరు మగవాళ్ల గురించి మావాడు వాడేదీ ఆ మాటే. తన వరకూ వచ్చిన మినహాయింపు సనాతనం. ఇంకొకడు అడిగితే ప్రళయం.

మినహాయింపులకు మన దగ్గర కొదవా? మూడో పెళ్లి అచ్చిరాదని ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టించి, రావలసిన ఇల్లాలిని నాలుగో భార్యగా లెక్క రాయించిన శాస్త్రం మనది. కుజదోషం ఉంటే అరటి చెట్టుతో పెళ్లి. వానలు పడకపోతే కప్పలకు పెళ్లి. రావిచెట్టుకూ వేపచెట్టుకూ మావాడే ఊళ్లో దగ్గరుండి కల్యాణం జరిపించాడు, శుభలేఖలు కూడా పంచాడు. ఆ దంపతుల సమ్మతి ఎవరూ అడగలేదు, వంశాభివృద్ధి ఎలాగని ఎవరూ దిగులుపడలేదు. నాకు పులిహోర బాగా నచ్చింది.

"మరి సృష్టి ఆగిపోదట్రా?" అన్నాడు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. పిల్లల్ని కనండి మొర్రో అని ముఖ్యమంత్రి స్థాయి మనుషులు బతిమాలుతున్నారు. ఈ ఘనత మొత్తం ఆడా మగా పెళ్లిళ్లదే. ఇందులో ఆ జంటల చెయ్యి ఏమీ లేదు.

పడమటి గాలి సంగతి కూడా తేల్చేద్దాం. వీళ్లను జైల్లో పెట్టే 377వ సెక్షన్ 1860లో తెల్లదొరలు రాసిచ్చింది. ఇంగ్లండు తన చట్టాన్ని 1967లోనే సడలించుకుంది. మనం మాత్రం దొర విడిచేసిన కోటును 2018 దాకా భక్తిగా తొడుక్కుని తిరిగాం. 2023 నవంబరులో ఇలాంటి పెళ్లి ఒకటి నేపాల్‌లో రిజిస్టరైంది. పశుపతినాథుడి దేశం మనకు పడమర ఎప్పుడైందో మావాడే చెప్పాలి.

ఈ కేసు వల్ల ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. అఖిల భారతీయ సంత్ సమితీ, జమియత్ ఉలమా-ఇ-హింద్ ఒకే పక్క నిలబడి వద్దన్నాయి. జమియత్ పేరెత్తితే గంట ఉపన్యాసమిచ్చే మావాడు, "ఈ ఒక్క విషయంలో వాళ్లు కరెక్టేరా" అన్నాడు. మతసామరస్యం కోసం ఇన్నేళ్లుగా పెట్టిన ఖర్చంతా దండగ.

ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. ఇలాంటి పెళ్లి కావాలన్నది నగరాల్లోని పైవర్గాల అభిప్రాయమని కోర్టులో వాదించింది. తర్వాత 2024లో ఈ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవొచ్చని, రేషన్ కార్డు కోసం ఒకే కుటుంబంగా పరిగణించాలని చెప్పింది. పైవర్గాల వాళ్లకు రేషన్ బియ్యమెందుకో అడక్కండి. ఒకే కార్డు, ఒకే పొయ్యి. భార్యాభర్తలు మాత్రం కారు. వారసత్వం, భాగస్వామి పోయాక వచ్చే పెన్షను, ఇద్దరూ కలిసి దత్తత తీసుకోవడం, ఇవన్నీ పెళ్లి సర్టిఫికెట్టు ఉన్నవాళ్లకే.

చివరికి మావాడు మెత్తబడి, "సరే, వాళ్ల బతుకు వాళ్లది. పెళ్లి అని మాత్రం అనొద్దు" అన్నాడు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపిస్తే, అదీ పెళ్లి కాదనే అన్నారు. వెళ్లినవాళ్లను వెలేశారు. ఇప్పుడు ఆయన జయంతికి దండ వేసేవాళ్లలో మావాడొకడు.

2025 జనవరిలో రివ్యూ పిటిషన్లను కూడా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక చెయ్యగలిగింది పార్లమెంటే. అక్కడ కూర్చున్నవాళ్లు కోర్టు మాట కన్నా మావాడి ఓటుకే ఎక్కువ భయపడతారు. మీకూ ఇలాంటి మిత్రుడు ఒకడు ఉండే ఉంటాడు. స్నేహం వదులుకోకండి, వాదనా ఆపకండి.