కుర్చీ ఒకటి, ఉద్యోగాలు 168

2025 నవంబరులో నిరుద్యోగం 4.7 శాతానికి దిగిందట. ఏప్రిల్ నుంచి చూస్తే ఇదే కనిష్ఠమట. కేంద్ర గణాంక శాఖ సోమవారం చెప్పింది, మంగళవారానికి పత్రికల్లో ఊరట, ఊపు, ఉరకలు. నెలనెలా ఈ లెక్క తీయడం మొదలైందే ఆ ఏప్రిల్‌లో అన్న ముక్క మాత్రం ఏ శీర్షికలోనూ పట్టలేదు. స్థలాభావం కాబోలు.

ఈ లెక్కలో ఒక వరం ఉంది. వారం మొత్తంలో ఒక్క గంట పని చేస్తే చాలు, ఆ మనిషి ఉద్యోగి. వారానికి 168 గంటలు. అంటే ఒక్క ఉద్యోగం 168 మందికి సరిపోతుంది!

మా తొర్రూరు బస్టాండు దగ్గర ఏటీఎం ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేద్దాం. కాపలా ఉద్యోగం. తలా ఒక గంట. రాత్రి రెండింటి డ్యూటీ వాడు నిద్రపోయినా పర్లేదు, కూర్చున్నాడా లేదా అన్నదే ముఖ్యం. రెండో గంట కూర్చుంటే మాత్రం కేసు పెట్టాలి, ఇంకొకడి కొలువు కొట్టేసినట్టే కదా.

"బావా, నీ శనారం గంట నాకియ్యే. పెండ్లిచూపులున్నయి, నౌకరున్నదని చెప్పాలె."

"నాకు ఐతారం మాపటీలి గంట ఇస్తవా మరి? మా మామ వస్తుండు."

జీతం సంగతి అడక్కండి. ఇంటివాళ్ల దుకాణంలో పైసా తీసుకోకుండా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా ఉద్యోగేనని ఇదే సర్వే ఒప్పుకుంటుంది. మా ఊళ్లో అందరం అన్నా, తమ్మీ, బావా అనే పిలుచుకుంటాం కనుక 168 మందినీ ఒకే కుటుంబం కింద రాయించేస్తే సరి.

తెలంగాణలో మొదటి ఏడాదిలోనే రెండు లక్షల ఉద్యోగాలన్న కాంగ్రెస్ ఇన్నాళ్లు అనవసరంగా ఆయాసపడింది. 1,191 కుర్చీలు కొంటే అయిపోయేది. పైగా 88 ఉద్యోగాలు మిగులు. 2018లో నెలకు 3,016 రూపాయల భృతి అన్న కేసీఆర్‌గారు ఒక్కరికి ఒక్క నెల ఇచ్చినా, ఆ డబ్బుతో నాలుగైదు కుర్చీలు వచ్చేవి.

నిజానికి ఈ గంట నిబంధన దొంగతనంగా పెట్టింది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా వాడేదే. లెక్క తీసినవాళ్లు దాన్ని నివేదికలోనే రాశారు. మింగేసింది శీర్షిక పెట్టినవాళ్లు.

అంకె చేదుగా ఉన్నప్పుడు కేంద్ర ప్రభుత్వంవాళ్లు ఏం చేశారో మరిచిపోలేదు. 2017-18లో నిరుద్యోగం 6.1 శాతమని తేలితే, నివేదికను తొక్కిపెట్టారని 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్‌లో ఇద్దరు రాజీనామా చేసి వెళ్లారు. బయటికి పొక్కితే అది ఇంకా ముసాయిదా అన్నారు. ఓట్లు పడి, ప్రమాణ స్వీకారం అయ్యాక, మే 31న విడుదల చేశారు. అంకె తీపిగా ఉంటే ఒక్క రాత్రి కూడా ఆగదు.

నవంబరు మా దగ్గర పత్తి ఏరే నెల. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది. ఆ రెండూ రాసిన పిల్లలు ఇప్పుడు మా చుట్టుపక్కల చేన్లలో నడుముకు ఒడి కట్టుకుని సాళ్లలో వంగి ఉన్నారు. ఎండిన పత్తికాయ మొనలు గోళ్ల సందున గుచ్చుకుని నెత్తురొస్తుంది. కూలి కిలో లెక్కన. డిగ్రీలు చదివి, కొలువు దొరక్క చేనుకు పోయినవాళ్లను చూపించి నిరుద్యోగం తగ్గిందంటారా? సిగ్గనిపించలేదా ఆ అక్షరాలు పేర్చేటప్పుడు?

తెలంగాణలో 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 16.6 శాతం. 2023-24 అంకె, మీరు నెత్తిన పెట్టుకున్న ఆ సర్వేదే. దాన్నీ అంతే లావు అక్షరాల్లో, మొదటి పేజీలో, ముఖ్యమంత్రి ఫొటో పక్కనో ప్రధాని ఫొటో పక్కనో వేయండి. ప్రకటనలు ఆగిపోతాయనా భయం?