పేరుకి ఇరవై

మా ఊరి పరిషత్తులో నాటికలకు లైట్లు వేసేది బాబాయ్. స్విచ్చి బోర్డు నిండా తెల్ల టేపు ముక్కలు, వాటి మీద బాల్‌పెన్ను రాతలు: 'ఏడుపు', 'పడక్కుర్చీ', 'ముఖం', 'చావు'. ఏడుపంటే ఎడమ వైపు నుంచి కుర్చీ మీద పడే లేత నీలం. ఒక నాటిక కాగానే ఆ టేపులన్నీ పీకి, మళ్లీ కొత్తవి అంటించేవాడు. చాదస్తం అనుకునేవాణ్ని.

ఈ ఏడు కమిటీవాళ్లు కంప్యూటరు కొన్నారు. ఉచితంగా దొరికే క్యూఎల్‌సీ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, డీఎంఎక్స్ తీగ తగిలించారు. ఆ తీగ ఒక్కటే 512 ఛానళ్లు మోస్తుంది. మాకున్న లైట్లు 48. తెర మీద మాత్రం అన్నీ 'డిమ్మర్ 1', 'డిమ్మర్ 2'... వాటిలో ఏడుపేదో చావేదో బ్రహ్మక్కూడా తెలీదు. ఒక్కోదాని మీద నొక్కాలి, పాత పేరు చెరపాలి, కొత్తది కొట్టాలి, ఓకే అనాలి. తొమ్మిదో దాని దగ్గర బాబాయ్ కళ్లజోడు తీసేశాడు. "నా వల్ల కాదురా అబ్బాయ్."

నా పొట్టకూడే ప్రోగ్రామింగు. ఆ సాఫ్ట్‌వేర్ దాచుకునే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ఉత్త ఎక్స్‌ఎంఎల్. ప్రతి లైటుకూ పేరు రాసుకునే చోటు బాహాటంగా కనిపిస్తోంది. మొదటి నాటికకు లైట్లు కట్టాక బాబాయ్ చెబుతుంటే ఎక్సెల్‌లో నంబరు పక్కన పేరు కొట్టుకున్నాను. పైథాన్‌లో పాతిక లైన్లు: వరస చదువు, నంబరు వెతుకు, పేరు మార్చు. మొదటిసారి 'చావు' పెళ్లికూతురి మీద పడింది. బాబాయ్ లెక్క ఒకటి నుంచి, ఫైలు లెక్క సున్నా నుంచి మరి. అది సరిచేసి ఎంటర్ నొక్కితే, వేలు తీసేలోపు నలభై ఎనిమిదీ మారిపోయాయి.

సెక్రటరీ గారు చూసి మురిసిపోయారు. "అన్నీ రాసే ఉన్నాయిగా! ఇక ఎవరైనా వెయ్యొచ్చు. రోజుకు పదిహేను వందలు మిగిలినట్టే."

బాబాయ్ నా వంక చూశాడు. నేను కీబోర్డు వంక చూశాను.

ఆ రాత్రి లైట్ల దగ్గర నేనే. మొదటి నాటిక నల్లేరు మీద బండి. రెండో నాటిక దర్శకుడు నిచ్చెన వేయించి లైట్లన్నీ తనకు కావలసినట్టు తిప్పించుకున్నాడు, జిలెటిన్ కాగితాలు మార్పించాడు. జనంలోంచి ఒక పాత్ర నడిచొస్తుందని ఓ లైటును జనం వైపుకీ తిప్పించాడు. తెర లేచింది. పెళ్లిచూపుల్లో పిల్ల మీద వేద్దామని 'ముఖం' నొక్కాను. ముందు వరసలో నోరు తెరుచుకుని కునుకుతున్న సెక్రటరీ గారి ముఖం దేదీప్యమానంగా వెలిగింది.

స్క్రిప్టు మళ్లీ నడపడానికి అర సెకను చాలు. ఏ లైటు ఎటు తిరిగిందో చెప్పే జాబితా ఏదీ?

ఆ అర్ధరాత్రే ఇద్దరం బాబాయ్ ఇంటి తలుపు తట్టాం.

"పేర్లడిగావు, చెప్పాను. ఎంతసేపుంటాయని అడిగావా?" అన్నాడు నాతో. "టేపెందుకనుకున్నావురా? పీకితే వస్తుందని."

తర్వాత సెక్రటరీ గారి వైపు తిరిగాడు. "లైట్లు మావాడే వేస్తాడు లెండి. నేను పేర్లు చెబుతాను. పేరుకి ఇరవై."

నాటికకు 48 పేర్లు, రోజుకు మూడు నాటికలు. సెక్రటరీ గారు ఫోన్లో లెక్కేశారు: 2,880. ఇంకోసారి వేశారు. అంతే వచ్చింది.

మర్నాటి నుంచి బాబాయ్ ప్రతి నాటికకూ ముందు పావుగంట నా పక్కన కూర్చుని పేర్లు చెప్పి, కండువా దులుపుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంటున్నాడు. ముప్ఫై ఏళ్లుగా పక్క తెర సందులోంచి చూసిన నాటకాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తున్నాడు.

నిన్న విరామంలో నా దగ్గరికొచ్చాడు. "నాటిక బాగుందిరా," అన్నాడు. "లైటింగే బాలేదు."