మూడు పలకల స్కేలుని నేను

నాకు మూడు పలకలు. వాటిమీద 1:20 నుంచి 1:125 దాకా ఆరు కొలమానాలు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరిన అండమాన్ దీవుల్లో పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ అమ్మాయి నన్ను మొదటి సెమిస్టర్‌లోనే కొంది. అప్పుడు పనంతా నాదీ, టీ స్క్వేరుదీ, పెన్సిలుదీ. తరవాత లాప్‌టాప్ వచ్చింది. నేను బ్యాగు అడుగుకి చేరాను.

1982లో పుట్టిన ఆటోక్యాడ్‌లో అయిదు మీటర్ల గోడని అయిదు మీటర్లుగానే గీస్తారు. కిటికీ జరపాలంటే షీటంతా గీకి చెరపక్కర్లేదు. ఆ గొప్పతనం నేను కాదనను. కానీ తెరమీద జూమ్ ఉందే, అది ఇరుకు గదిని కూడా హాలంత చేసి చూపిస్తుంది.

తెరకీ కాగితానికీ ఉన్న ఆ తేడా పోర్ట్ బ్లెయిర్‌లోనే తెలిసింది. 1896–1906 మధ్య కట్టిన సెల్యులర్ జైలులో ఒక్కో గది సుమారు 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. మా అమ్మాయి అక్కడ నిలబడి 1:100లో గీసింది. కాగితంమీద ఆ గది నాలుగున్నర సెంటీమీటర్లు. పక్కన మనిషిని గీసేసరికి ఆ ఇరుకు ఎంతటిదో చేతికి తెలిసింది.

సెలవుల్లో అమ్మమ్మ ఇంటిని కొలిచింది. చెక్క గోడలు, రేకుల కప్పు.

"ఏటే, ఇన్నాళ్లూ ఉన్న ఇంటికి ఇప్పుడు కొలతలేటి?" అంది అమ్మమ్మ.

"వరండా పెద్దది చేద్దామని అమ్మమ్మా."

కొలతలు నోటుబుక్కులోంచి ఆటోక్యాడ్‌కెక్కాయి. ప్లాన్ ప్రింటు తీసి, దానిమీద బటర్ పేపర్ పరిచి, చూరు ఎంత దింపాలో పెన్సిల్‌తో వెతికింది. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే దీవి కదా! అమ్మమ్మ మంచం తడవకూడదు, గాలి ఆగకూడదు. గీత మీద గీత పడి కుదిరాక ఫోన్‌తో ఫొటో తీసి, స్కెచప్‌లో కప్పు లేపింది. మళ్లీ ప్రింటు, మళ్లీ బటర్ పేపర్. ఆలోచన చేతిలో పుడితే, దాని నిజానిజాలు యంత్రం తేల్చింది.

ఓసారి ప్రింట్ షాపులో "ఫిట్ టు పేజ్" నొక్కేశారు. కాగితంమీద 1:50 అనే ఉంది. నన్ను పెడితే తొమ్మిది వందల మిల్లీమీటర్ల గుమ్మం ఎనిమిది వందల చిల్లరే వచ్చింది. తెర చెప్పని సంగతది.

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలూ, ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ నేర్చినా సరే, ప్రింటు చేతికి రాగానే ముందు నన్నొకసారి దానిమీద పెట్టి చూడండి.